రొయ్యల ప్లాంటుకి యాభై ఎంబీపీఎస్

ఏలూరులో మా హెడ్డాఫీసు రెండో అంతస్తులో, సర్వర్ ర్యాకు పెట్టగా మిగిలిన చోట నా కుర్చీ ఉండేది. అక్కడి ఏసీ నా కోసం కాదు, ర్యాకు కోసం. నేను శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. రొయ్యల ఎగుమతి, మేత డిపోలు, జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటలు ఉన్న ఒక కుటుంబ కంపెనీకి నేను నెట్‌వర్క్ ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి అన్నారు గానీ నా కింద ఎవరూ లేరు. పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో. డిప్లొమా అయ్యాక ఏలూరులో ఒక కంప్యూటర్ షాపులో తొమ్మిదేళ్ళు రిపేర్లు చేశాను. మూత విప్పితే లోపల చచ్చిన బల్లి ఉందో, కాలిన కెపాసిటర్ ఉందో వాసన చూసి చెప్పగలిగేదాన్ని. ఆ షాపుకి కంప్యూటర్లు తెచ్చే కస్టమర్లలో ఒకాయన మా ఎండీ గారు. ఆయనే నన్ను ఈ ఉద్యోగంలోకి పిలిచారు.

నేను చేరిన రెండో ఏడు కంపెనీకి గట్టి దెబ్బ తగిలింది. అప్పట్లో ప్రతి బ్రాంచిలోనూ ఒక ఫైర్‌వాల్ పెట్టె ఉండేది. ఇంటర్నెట్ నుంచి వచ్చే ప్రతిదాన్నీ తనిఖీ చేసి లోపలికి వదిలే పెట్టె అది. తాడేపల్లిగూడెం డిపోలో ఆ పెట్టె వల్ల నెట్ నెమ్మదిగా వస్తోందని, ఎవరో ఒక్క పూటకి దాన్ని తప్పించి కేబుల్ నేరుగా కంప్యూటర్‌కి పెట్టుకున్నారు. మళ్ళీ మార్చడం మరిచిపోయారు. రెండు వారాల తర్వాత ఒక మెయిల్లోంచి వైరస్ దిగింది. సోమవారం ఉదయం ఆఫీసుకి వచ్చేసరికి మా ఫైళ్ళన్నిటికీ ఎవరో తాళం వేసేశారు. ఏ చెరువు రొయ్య ఏ లాటులో వెళ్ళిందో చెప్పే రికార్డులు మొత్తం పోయాయి. ఎగుమతికి ఆ రికార్డులే ఆధారం.

మూడు వారాలపాటు ప్లాంటులోనూ, డిపోల్లోనూ కాగితం చీటీలు పోగేసి, వాటిని చూసి మళ్ళీ మొదటినుంచీ టైపు చేశాం. నా పక్కన కూర్చుని టైపు చేసినావిడ ఆకివీడు దగ్గరున్న మా ప్లాంటులో ల్యాబ్ ఇన్‌చార్జి. మిషన్ స్కూలు టీచరు గారి కూతురు. నాకంటే మూడేళ్ళు పెద్ద. గొంతు పెంచి మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఆవిడ చేసిన టైపింగులో తప్పు దొరకడం కూడా ఎప్పుడూ చూడలేదు. అందరం ఆవిణ్ణి ల్యాబ్ మేడమ్ అనేవాళ్ళం.

ఆ మూడు వారాల తర్వాతే నేను పట్టుబట్టి క్లౌడ్ సెక్యూరిటీ తెప్పించాను. బ్రాంచికో పెట్టె ఉండదు. అన్ని బ్రాంచిల ఇంటర్నెట్టూ సెక్యూరిటీ కంపెనీవాళ్ళ సెంటర్‌కి వెళ్ళి, అక్కడ తనిఖీ అయి, అక్కణ్ణించి బయటికి వెళ్తుంది. మా బ్రాంచి నుంచి వాళ్ళ సెంటర్ దాకా ఉండే మూసిన దారిని టన్నెల్ అంటారు. మా కంప్యూటర్లేవీ ఆ టన్నెల్లో తప్ప ఇంకో దారిలో బయటికి పోకుండా కట్టుదిట్టం చేశాను. ఒప్పందంలో రెండు పరిమితులు రాసి ఉన్నాయి. మొత్తం తొమ్మిది సైట్లు కలపొచ్చు. ఒక్కో సైటుకి నెట్ వేగం యాభై ఎంబీపీఎస్ దాకా వాడుకోవచ్చు. నేను చదివే సంతకం పెట్టించాను. యాభై అంటే అప్పుడు నాకు చాలా ఎక్కువనిపించింది.

మా సరుకు కొనే విదేశీ కంపెనీ ఒకటి ఏటా ఒక మనిషిని పంపి ప్లాంటు చూసుకునేది. ఆ ఏడు మనిషిని పంపం, వీడియోలోనే ఆడిట్ చేస్తాం అంది. ల్యాబ్ మేడమ్ ట్యాబ్ పట్టుకుని ప్లాంటంతా తిరగాలి. అక్కడ కూర్చున్న ఆడిటర్ ఏది అడిగితే అది దగ్గరగా చూపించాలి. రొయ్య దిగే చోటు, ఒలిచే హాలు, ఫ్రీజర్లు, ల్యాబ్, ఆఖర్న రికార్డులు. నేను ఏలూరులో నా కుర్చీలో కూర్చుని ఆ కాల్‌లో వింటున్నాను.

మొదటి పది నిమిషాలు బాగానే జరిగింది. చేతులు కడుక్కునే చోటికి వచ్చేసరికి బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయింది. మాట ముక్కలైంది. మేడమ్ ఫ్రీజర్ థర్మామీటర్ ముందు ట్యాబ్ పట్టుకుని నిలబడి, అంకె చదువుతూనే ఉంది. అవతల ఆడిటర్‌కి కనిపించింది బూడిదరంగు చతురస్రం ఒక్కటే. ఆ చలిలో మేడమ్ అలా ఎంతసేపు నిలబడిందో నాకు తెలుసు. కాల్‌లో ఆవిడ ఊపిరి వినిపిస్తూనే ఉంది. గంటన్నర తంటాలు పడ్డాక ఆడిటర్ మర్యాదగానే చెప్పింది. తను చూడనిది చూసినట్టు రాయలేనని, రెండు వారాల తర్వాత మళ్ళీ పెట్టుకుందామని. రెండోసారి కూడా ఇలాగే అయితే ఆ ఏటికి తాము కొనే ప్లాంట్ల జాబితాలో మా పేరు ఉండదని కూడా చెప్పింది.

ఎండీ గారు మర్నాడే ఇంటర్నెట్ లైను రెట్టింపు చేయించారు. ఫైబర్ వాళ్ళు వచ్చి ప్లాంటులో కొత్త తీగ లాగి, స్పీడ్ టెస్ట్ చేసి చూపించి వెళ్ళారు. అంకె ఘనంగా ఉంది. కానీ మేడమ్ ట్యాబ్‌లో కాల్ పెట్టి చూస్తే, మళ్ళీ అవే గళ్ళు.

దాంతో ఎండీ గారికి అనుమానం సెక్యూరిటీ మీదకి మళ్ళింది. నన్ను గదికి పిలిచారు. అరవై దాటిన మనిషి. రెండు చెరువులతో మొదలుపెట్టి, సొంతంగా మేత చల్లి, నీళ్ళలో దిగి పైకొచ్చిన రైతు. కోపమొచ్చినా గొంతు లేవదు, మాటలు తగ్గిపోతాయి.

"ఏవమ్మా, ఆ ఒక్క పూటకి మీ సెక్యూరిటీ తీసేస్తే పోయేదేముంది?"

"తాడేపల్లిగూడెంలోనూ ఒక్క పూటకే కదండీ తీశారు," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. ఆ మూడు వారాలు ఆయనా మరిచిపోలేదు. నేను శుక్రవారం దాకా గడువు అడిగాను. ఈలోపు కారణం పట్టుకుని ఆయన ముందు పెడతాననీ, పెట్టలేకపోతే ఆయన చెప్పినట్టే చేస్తాననీ అన్నాను. అలా మాటిచ్చినందుకు నాకు భయం లేదు. ఏ యంత్రమైనా కారణం లేకుండా ఆగదని షాపులో తొమ్మిదేళ్ళు చూశాను. ఓపిగ్గా కూర్చునేవాళ్ళకి అది దొరుకుతుంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆకివీడు వెళ్ళాను. మేడమ్ తన ల్యాబ్‌లో ఒక మూల బల్ల ఖాళీ చేసి ఇచ్చింది. సెక్యూరిటీ కంపెనీవాళ్ళ పేజీలో మా ప్లాంటు టన్నెల్‌కి ఒక గ్రాఫు ఉంటుంది. నిమిషనిమిషానికీ ఎంత వెళ్తోందో గీత గీస్తుంది. దాన్ని తెరిచి కూర్చున్నాను. మామూలుగా ఇలాంటి గీత పడుతూ లేస్తూ ఉండాలి. మాది ఉదయం తొమ్మిదికి పైకి లేచి, యాభై దగ్గర కత్తితో కోసినట్టు బల్లపరుపుగా సాగిపోతోంది. లైను ఎంత పెద్దదైనా సరే, యాభై దాటినదాన్ని అవతల సెంటర్‌లో పారేస్తున్నారు. లైను కాదు, మా పరిమితి నిండిపోయింది. సగం కారణం అక్కడే దొరికింది. ఇక ఆ యాభైని నింపుతున్నది ఎవరన్నదే మిగిలింది.

ఒంటిగంటన్నరకి గీత ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. నేను కుర్చీలో ముందుకి జరిగాను. గంటసేపు అలాగే కింద ఉండి, రెండున్నరకి మళ్ళీ లేచి బల్లపరుపైంది. ప్లాంటులో భోజనాలు పన్నెండున్నరకే. ఆ గంటలో ఇక్కడ ఎవరూ ఏమీ ఆపలేదు. మేడమ్ నా భుజం మీంచి చూసి, నెమ్మదిగా అంది.

"అది ఎండీ గారు అన్నానికి వెళ్ళే టైమండీ."

అప్పుడు నాకు గోడ కనిపించింది. ఏలూరులో ఎండీ గారి గది గోడ మీద పెద్ద టీవీ ఉంటుంది. పదహారు గళ్ళలో ప్లాంటు కెమెరాలు. ఏదైనా తన కళ్ళతో చూస్తే గానీ నమ్మని మనిషి కాబట్టి పొద్దుటినుంచి సాయంత్రం దాకా అది నడుస్తూనే ఉంటుంది. అన్నానికి వెళ్ళేటప్పుడు మాత్రం అలవాటుగా కట్టేస్తారు. ఆ పదహారు బొమ్మలూ ఈ ప్లాంటు టన్నెల్లోంచే ఏలూరు వెళ్తున్నాయి. లెక్క వేస్తే ముప్పై ఎంబీపీఎస్ పైమాటే. ఇంకా ఒక ధార మిగిలింది. అది అన్నం వేళకి కూడా ఆగలేదు. అది ఎక్కడికి వెళ్తోందో చూశాను. ఏలూరులో ఎండీ గారి ఇల్లు. ఇంట్లోంచి కూడా చూసుకోవడానికి వీలుగా ఆ ఇంటిని కూడా ఒక సైటుగా కలిపాం. అక్కడి టీవీ అసలు కట్టేయడమే లేదు. ఈ రెండూ పోగా ఆడిట్‌కి మిగిలింది ఏమీ లేదు.

ఆ టీవీలు రెండూ బిగించింది నేనే. పాత పెట్టెల కాలంలో బిగించాను. అప్పుడు ఈ పరిమితి లేదు. సెక్యూరిటీ మార్చిన రోజు మళ్ళీ లెక్క చూసుకోవాల్సింది. చూసుకోలేదు. ల్యాబ్‌లో ఆ మూల బల్ల దగ్గర కూర్చుని ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది.

దారి ఒకటి కనిపించింది. ప్లాంటుకి రెండో టన్నెల్ వేస్తే ఒకదాంట్లో ల్యాబు, ఆడిటు, రెండోదాంట్లో కెమెరాలు, మిగతావి పెట్టొచ్చు. సెక్యూరిటీ కంపెనీవాళ్ళకి ఫోన్ చేశాను. టన్నెల్ పరిమితి పెంచడం ఈ ఒప్పందంలో కుదరదన్నారు. రెండో టన్నెల్ వేసుకోవచ్చు గానీ అది ఇంకో సైటు కిందే లెక్కన్నారు. మా తొమ్మిదీ నిండిపోయాయి. కొత్త సైటు కావాలంటే రెన్యువల్ దాకా, అంటే ఇంకా ఏడు నెలలు ఆగాలి. ఆడిట్‌కి ఉన్నది పది రోజులు. కాబట్టి ఉన్నవాటిలో ఒకటి తీసేయాలి.

అన్నిటికంటే తక్కువ వాడేది ఏదా అని చూస్తే, కొల్లేరు గట్టు మీద డిపో తేలింది. కైకలూరు దాటాక చెరువుల మధ్య ఉంటుంది. ఒకే గది, ఒకే కంప్యూటర్, ఒకే గుమాస్తా. గ్రాఫులో దాని గీత నేలకి అంటుకుని ఉంది. కాగితం మీద చూస్తే తీసేయాల్సింది అదే. అయినా చూడకుండా తీయకూడదని బుధవారం అక్కడికి వెళ్ళాను.

డిపో ముందు నలుగురైదుగురు రైతులు చెరువు నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. గుమాస్తా గారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఒక్కో రైతునీ కూర్చోబెట్టి, ఏ చెరువు, రొయ్యపిల్ల ఎప్పుడు వేశారు, నిన్న మేత ఎంత, మందేమైనా వాడారా అని అడిగి, వాళ్ళు చెబుతుండగానే కంప్యూటర్‌లో ఎక్కించి, తెర వాళ్ళవైపు తిప్పి చూపిస్తున్నారు. ఒక రైతు తెర మీద చూసి, ఆరో నంబరు కాదు, ఏడో నంబరు చెరువని దిద్దించాడు. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన నాకు కుర్చీ వేసి, తను నిలబడే విన్నారు.

"మీరు తీసేయమంటే తీసేస్తారమ్మా, నేను కాదనేదేముంది? కానీ రైతు చెప్పింది రైతు ముందే ఎక్కించాలండీ. నేను కాగితం మీద రాసుకుని సాయంత్రం కైకలూరెళ్ళి ఎక్కిస్తే, ఏ చెరువుది ఏ చెరువుకి పడుద్దో నాకే తెలీదు."

మూడు వారాల కాగితం చీటీలు నా కళ్ళముందు మెదిలాయి. ఆ చీటీల్లో ఆరూ ఏడూ ఎన్నిసార్లు కలిసిపోయాయో నాకు తెలుసు. ఎంత తక్కువ వాడుతున్నారన్నది ఒక లెక్క. ఆ వాడేది ఏమిటన్నది వేరే లెక్క. నేను మొదటిదే చూశాను. ఆ డిపో జోలికి వెళ్ళనని ఆయనకి చెప్పాను. ఆయన మజ్జిగ తెప్పించారు. తిరుగు బస్సులో కూర్చున్నప్పుడే, తొమ్మిదింటిలో తీయాల్సింది ఏదో నాకు తేలిపోయింది. ఆ మాట ఎవరికి చెప్పాలో తలుచుకుంటేనే కాస్త కష్టంగా అనిపించింది.

శుక్రవారం రెండు గ్రాఫులు ప్రింటు తీసుకుని ఎండీ గారి గదికి వెళ్ళాను. వెనక టీవీలో పదహారు గళ్ళూ నడుస్తున్నాయి. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం చూశారు. లైను అంత పెద్దది వేయిస్తే గీత యాభై దగ్గరే ఎందుకు ఆగిందని అడిగారు. లైను ఎంత ఉన్నా, సెక్యూరిటీ సెంటర్‌లో మన ప్లాంటుకి రాసి ఉన్నది అంతేననీ, దాటింది వాళ్ళు పారేస్తారనీ చెప్పాను. ఆయన కాగితం బల్ల మీద పెట్టారు.

"అంటే కరెంటోళ్ళ శాంక్షన్ లోడ్ లాంటిదన్నమాట. గట్టు మీద ఎంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా, నా చెరువుల్లో గాలి కొట్టే ఏరియేటర్లకి రాసిచ్చిన హార్స్‌పవరే నాది."

"అంతేనండీ."

"మరి ఆ లోడంతా ఎవరు లాగుతున్నారు?"

"మీ టీవీ అండీ. ఇక్కడిదీ, ఇంట్లోదీ."

ఆయన కుర్చీ తిప్పి టీవీ వైపు చూశారు. గళ్ళల్లో ఆడవాళ్ళు తలలు వంచుకుని రొయ్యలు ఒలుస్తున్నారు. ఇంటి టీవీ ప్లాంటుకున్న యాభైలోంచి తినడమే కాదు, మాకున్న తొమ్మిది సైట్లలో ఒకటి ఆక్రమించిందనీ, ఆ ఒక్కటీ ప్లాంటుకి ఇస్తే ఆడిట్ గట్టెక్కుతుందనీ మిగతాది కూడా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"ఇవి బిగించింది నువ్వే కదమ్మా," అన్నారు ఆయన.

"నేనేనండీ. సెక్యూరిటీ మార్చినప్పుడు మళ్ళీ చూసుకోవాల్సింది. చూసుకోలేదు. అది నా తప్పే."

ఆయన రిమోట్ తీసి టీవీ కట్టేశారు. తర్వాత, ఇక్కడి టీవీలో పదహారు బదులు నాలుగు గళ్ళు చాలన్నారు. సెక్యూరిటీ తీసేయడం సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను తలుపు దాకా వెళ్ళాక పిలిచి, ఇంటి టీవీ సంగతి మాత్రం వాళ్ళమ్మగారితో నన్నే చెప్పమన్నారు. అది తన వల్ల కాదన్నారు.

ఆ మాటకి అర్థం ఆయన ఇంటికి వెళ్ళాక తెలిసింది. ఆ టీవీ చూసేది ఎండీ గారు కాదు, ఎనభై దాటిన వాళ్ళమ్మగారు. హాల్లో మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని, ధ్వని లేని ఆ బొమ్మల్నే చూస్తూ ఉన్నారు. పెళ్ళికి ముందు ఆవిడది కొల్లేరు అంచు ఊరు. ప్లాంటులో ఒలిచేవాళ్ళలో చాలామంది అటువైపు నుంచే వస్తారు. అందరికీ ఒకే రకం కోటు, ఒకే రకం టోపీ. ముఖాలు సరిగ్గా కనబడవు. అయినా ఆవిడ వాళ్ళని నడకని బట్టి గుర్తుపడతారు.

నేను విషయం చెప్పాను. సగం అర్థమైందో లేదో గానీ, చివరికి అసలు సంగతి పట్టుకున్నారు.

"అయితే రేపట్నించి వీళ్ళు కనబడరా?"

కనబడరండీ అన్నాను. ఆవిడ తెర మీద ఒక గడి చూపించారు.

"ఆ మూడో బల్ల దగ్గర కుడిపక్క పిల్లని చూడు. నెల్నాళ్ళ నుంచి ఒక కాలి మీదే నిలబడుతుంది. రెండో మోకాలు నొప్పి. ఎవరైనా అడిగారా దాన్ని?"

నాకు తెలియదు. ఆ గడి నేను ఎన్నోసార్లు చూశాను. కెమెరా పనిచేస్తోందా లేదా అని చూశాను. అంతే. మీరే ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుంది కదండీ, ప్లాంటు గంటన్నర దూరమే కదా అన్నాను. నేను కేబుల్ ఊడదీసి చుట్టుకుంటుంటే, ఆవిడ ఖాళీ తెర వైపే చూస్తూ ఉన్నారు. ఆ ఇంటి మెట్లు దిగుతుంటే మనసు బాగోలేదు. కానీ చేసింది సరైన పనేనన్న సంగతిలో అనుమానం లేదు.

సోమవారానికి రెండో టన్నెల్ లేచింది. ల్యాబూ, ట్యాబూ ఒకదాంట్లోకి మార్చాను. కెమెరాలు, ఆఫీసు కంప్యూటర్లు రెండోదాంట్లో ఉంచాను. మేడమ్‌తో నాలుగు రోజులు రిహార్సల్ చేశాం. ఆవిడ ప్లాంటంతా తిరిగేది, నేను ఏలూరు నుంచి ఆడిటర్ లాగా అడిగేదాన్ని. ఫ్రీజర్ దగ్గర ఇనుప తలుపుల వల్ల వైఫై పడిపోతోందని అప్పుడే తెలిసి, అక్కడ వైఫై అందించే యాక్సెస్ పాయింటు ఒకటి పెట్టించాను. మొదటిసారే ఇది చేసి ఉండాల్సిందని ఇద్దరం అనుకున్నాం.

ఆడిట్ రోజు ఉదయం పదకొండింటికి కాల్ మొదలైంది. చేతులు కడిగే చోటు దాటింది. ఒలిచే హాలు దాటింది. ఫ్రీజర్ థర్మామీటర్ మీద అంకె నాకే స్పష్టంగా కనిపించింది. గ్రాఫులో గీత హాయిగా పడుతూ లేస్తూ ఉంది. ల్యాబ్‌లోకి వచ్చేసరికి ఉన్నట్టుండి గీత పైకి ఎగబాకి నలభై దాటింది. చూస్తే ల్యాబ్ కంప్యూటర్ ఒకటి ఆ క్షణాన్నే ఏదో పెద్ద అప్‌డేట్ దించుకోవడం మొదలుపెట్టింది. ఏలూరు నుంచే సెక్యూరిటీ పేజీలో ఒక రూలు రాసి ఆ అప్‌డేట్‌ని ఆపాను. గీత దిగింది. అవతల ఆడిటర్ మాట్లాడుతున్న వాక్యం కూడా తెగలేదు.

ఆఖర్న రికార్డులు. ఆడిటర్ ఫ్రీజర్లోంచి తను ఎంచిన రొయ్యల పెట్టె ఒకటి తీయమని, దాని మీది లాటు నంబరు చదివించి, ఇది ఏ చెరువు రొయ్య అని అడిగింది. మేడమ్ నంబరు కొట్టింది. కొల్లేరు గట్టు డిపో కింది చెరువు అని వచ్చింది. ఆడిటర్ అంతటితో ఆగలేదు. ఆ చెరువులో రొయ్య పట్టడానికి ముందు వారం వేసిన మేత రికార్డు రాసిన మనిషితోనే మాట్లాడతానంది. నేను డిపోని కాల్‌లోకి కలిపాను. గుమాస్తా గారు చొక్కా బొత్తాలు సరిచేసుకుంటూ తెర మీదకి వచ్చారు. ఆయన తెలుగులో చెబుతుంటే మేడమ్ ఇంగ్లీషులో చెప్పింది. రోజువారీ మేత, నీటి పరీక్ష, రైతు ముందే ఎక్కించిన టైము, అన్నీ వరసగా ఉన్నాయి. ఆడిటర్ ఇంకో రెండు ప్రశ్నలడిగి, థాంక్యూ అంది. గుమాస్తా గారు కెమెరాకి నమస్కారం పెట్టారు.

కాల్ అయ్యాక మేడమ్ నాకు విడిగా ఫోన్ చేసింది. అన్నం తిన్నారా అండీ అని అడిగింది. లేదన్నాను. తనూ తినలేదంది. ముందు తిందాం అనుకుని పెట్టేశాం. వారం తర్వాత మా ప్లాంటు పేరు జాబితాలో ఉందని మెయిలొచ్చింది.

ఆ నెలాఖరులో ఎండీ గారు వాళ్ళమ్మగారిని వెంటబెట్టుకుని ఆకివీడు వెళ్ళారట. నేను అక్కడ లేను. మేడమ్ చెబితే తెలిసింది. లోపలికి వెళ్ళాలంటే ఎవరైనా కోటు, టోపీ, గమ్‌బూట్లు వేసుకోవాల్సిందే. ఆవిడ అన్నీ వేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని ఒలిచే హాల్లోకి నడిచారట. నేరుగా మూడో బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయిని మోకాలి సంగతి అడిగారట. ఎప్పుడూ చూడని ఒక పెద్దావిడ తన మోకాలి గురించి అడుగుతుంటే ఆ అమ్మాయి బిత్తరపోయిందట. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే నోరు విప్పారు. ఎనిమిది గంటలు తడి గచ్చు మీద నిలబడటం గురించి, నడుము నొప్పుల గురించి చెప్పారు. ఎండీ గారు పక్కనే నిలబడి విన్నారట. నెల తిరక్కుండా ఆ హాల్లో ప్రతి బల్లకీ ఎత్తు స్టూళ్ళూ, కాళ్ళకింద రబ్బరు మ్యాట్లూ వచ్చాయి. ఆ అమ్మాయిని ఏలూరు పంపించి డాక్టరుకి చూపించారు.

అప్పటినుంచీ పెద్దావిడ రెండు నెలలకోసారైనా ప్లాంటుకి వెళ్తారు. ఎండీ గారి గదిలో టీవీ నాలుగు గళ్ళతోనే నడుస్తోంది. ఆయన కూడా ఇదివరకటికంటే ఎక్కువసార్లు ఆకివీడు వెళ్తున్నారు. దీనికి కారణం నేనేనని చెప్పుకోను. నేను చేసింది ఒక సైటు తీసి ఇంకోచోట పెట్టడమే.

నాకొచ్చిన మార్పు వేరు. ఇప్పుడు ఏ కొత్త కనెక్షన్ అడిగినా ముందు ఆ చోటుకి వెళ్తాను. ఎవరు కూర్చుంటారు, ఏం పంపుతారు, ఆగిపోతే ఎవరి పని ఆగుతుంది అని చూసి రాసుకుంటాను. జంగారెడ్డిగూడెం ఆఫీసుకి ఒక టన్నెల్ చాలని అలాగే తేలింది. కైకలూరు టౌన్ డిపోకి రెండు కావాలని తేలింది.

ఏడు నెలల తర్వాత రెన్యువల్ వచ్చింది. సెక్యూరిటీ కంపెనీ సేల్స్ అతను వీడియోలో మాట్లాడాడు. కుర్రవాడు, చురుగ్గా ఉన్నాడు. కొత్త ప్లానులో ఇక పరిమితి అనే మాటే లేదని, ఎంత కావాలంటే అంత వాడుకోవచ్చని చెప్పుకుంటూ పోయాడు. ఎండీ గారు నా వైపు చూశారు.

"పరిమితి లేనిది మొత్తానికా అండీ, ఒక్కో టన్నెల్‌కా?" అని అడిగాను.

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది. చూసి చెప్తానన్నాడు. ఒక్కో టన్నెల్‌కి గరిష్ఠ పరిమితి ఎంతో, సైట్లు ఎన్నో, ఒక సైటుకి రెండు టన్నెళ్ళు వేస్తే ఎన్ని కింద లెక్కో, మూడూ రాతపూర్వకంగా పంపమన్నాను. సరే మేడమ్, రేపటికల్లా పంపిస్తాను అన్నాడు. పంపాడు. మూడింటిలో రెండు మాకు సరిపోలేదు. సరిపోయేలా మార్పించి, ఆ తర్వాతే సంతకానికి పెట్టాను.